చదవడానికి మాత్రమే

గాలి ఆఫీసు దినచర్య పుస్తకం
రాస్తున్నది: అంకం వినోద, అనుమతుల గుమాస్తా

కృత్తిక కార్తె, మూడో రోజు

పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదకొండింటికల్లా ఆఫీసు కంప్యూటర్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాను. పాతది పదకొండేళ్లు నడిచింది. గని పెద్ద కైలాసం సార్ నా వెనక నిలబడి టీ తాగుతూ "అయిపాయెనా? అయిపాయెనా?" అని అడుగుతూనే ఉన్నాడు. అయిపోయింది. అసలు పని ఆ తర్వాతే. ఎవరి ఫోల్డర్ వాళ్లకు తెరుచుకుంటోందా లేదా అని ఒక్కొక్కటీ చూడాలి.

ఫోల్డర్లను మా గనిలో పెట్టెలంటారు. పైన ఎండకు మనిషి నిలవలేక ఊళ్లన్నీ ఈ పాత బొగ్గు సొరంగాల్లోకి దిగినప్పుడు ఇంటికి ఒక్క ట్రంకు పెట్టె మాత్రమే తెచ్చుకోనిచ్చారట. సామాన్లు పోయాయి, మాట మిగిలింది.

మొత్తం మూడు వందల నలభై పెట్టెలు. రెండు మొండికేశాయి. ఒకటి పుట్టగొడుగులు పెంచేవాళ్లది, మధ్యాహ్నానికి సరిచేశాను. రెండోది "గాలి". ఓదెలు సారుది.

ఓదెలు సారు ఏడు నెలల క్రితం పోయాడు. ఏ సొరంగానికి ఎంత గాలి పోవాలో, పంకా ఎప్పుడు తిరగాలో, ఎప్పుడు ఆగాలో ముప్పయ్యేళ్లు ఆయనే రాశాడు. పంకాలు ఆయన పెట్టెలోంచి చదువుకునే తిరుగుతాయి. ఆయన కింద నేను పందొమ్మిదేళ్లు పనిచేశాను.

పెట్టె మీద నొక్కితే తెర మీద ఇలా వచ్చింది: "యజమాని ఇప్పుడు లేరు. మీకున్నది చదివే అనుమతి మాత్రమే. అది కూడా ప్రస్తుతానికి ఆగిపోయింది. పూర్తి అనుమతి ఉన్నవారిని అడగండి: గాదె జమున."

మళ్లీ నొక్కాను. గాదె జమున. ఇంకోసారి నొక్కాను. గాదె జమున. నాలుగోసారి నొక్కలేదు, లేచి వెళ్లి మొహం కడుక్కున్నాను.

కృత్తిక, నాలుగో రోజు

ఈ పుస్తకాన్ని గని పెద్ద వారానికోసారి చదివి సంతకం పెట్టాలని నియమం. కైలాసం సార్ సంతకం పెడతాడు, చదవడు. కాబట్టి ఉన్నమాట రాసుకుంటే నష్టం లేదు. జమున అంటే నాకు పడదు.

ఆరేళ్ల క్రితం వచ్చింది. నాలుగేళ్లు ఇదే ఆఫీసులో ఉండి, ఎనిమిదో సొరంగం కొత్తగా తెరిచినప్పుడు అక్కడికి వెళ్లింది. ఆ నాలుగేళ్లూ రెండు తలుపులు మూసినా వాళ్లిద్దరి కొట్లాట వినిపించేది. "నీకేం తెల్సు పిల్లా" అని ఆయన, "మీకేం తెల్సు సార్" అని ఆమె. అయ్యాక ఇద్దరూ కూర్చుని ఒకే కెటిల్‌లోంచి టీ పోసుకునేవాళ్లు. నన్ను మాత్రం "వినోదమ్మా, ఆ కాగితం ఇటియ్యి" అనేవాడు. పందొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా నా మీద గొంతు పెంచలేదు. అది నాకిచ్చిన గౌరవం అనుకున్నాను.

ఇంకా ఉంది. వారానికి రెండుసార్లు నేను పచ్చిపులుసు తెచ్చేదాన్ని. "మంచిగున్నది" అనేవాడు. అంతే. ఆమె తెచ్చిన జొన్నరొట్టెను "గింత గట్టి రొట్టెతోని పండ్లు ఊడతయ్" అని తిట్టి, రెండు తినేవాడు.

ఇక పని సంగతి. పెట్టె మూసుకుపోయేసరికి పంకాలు సిస్టమ్ ఇచ్చే మామూలు వేగంతోనే తిరుగుతున్నాయి. ప్రతి సొరంగం మొగలో గాలి బరువు చూపే మీటరు ఉంటుంది. ఆరు ఉంటే హాయి. పది దాటితే తలనొప్పి. పద్నాలుగుకు సొరంగం ఖాళీ చేయించాలి. నాలుగో సొరంగంలో నిన్న ఏడు, ఇవాళ ఎనిమిది. అక్కడ రెండు వందల పన్నెండు మంది ఉంటున్నారు, బడి కూడా అక్కడే. పది రోజుల్లో రోహిణి కార్తె. రోహిణిలో పైనుంచి వచ్చే గాలి నిప్పులా ఉంటుంది కాబట్టి పగలు పంకాలను కొన్ని గంటలు ఆపాలి. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు తిప్పాలో ఆ పెట్టెలోపల "రోహిణి" అని ఇంకో పెట్టెలో ఉంది. అది తెరుచుకోకపోతే నాలుగో సొరంగం పొయ్యి మీద పెనం అవుతుంది.

ఎనిమిదో సొరంగం ఇక్కడికి ముప్పావు గంట నడక. జమునను పిలిస్తే ఇవాళే అయిపోతుంది. పిలవను.

కృత్తిక, ఆరో రోజు

సారు భార్య పోశవ్వ వచ్చింది. నాలుగో సొరంగంలోనే ఉంటుంది, నడిచి వచ్చేసరికి ఆయాసపడుతోంది. స్టూల్ మీద కూర్చుని దమ్ము తీసుకుని అడిగింది. "బిడ్డా, మీ సారు పెట్టె తెరువుడు ఎప్పుడు పెడ్తున్నవ్?"

"సిస్టమ్ పని ఉన్నదవ్వా. అది గాంగనె పెడ్త."

"ఏడు నెలల సంది గదే మాట చెప్పవడ్తివి."

ఇది మా గని ఆనవాయితీ. మనిషి పోయిన పదకొండో రోజున, ఆ మనిషి పెట్టె మీద అనుమతి ఉన్న వాళ్లందరూ ఒకచోట కూర్చుంటారు. ఎవరికి ఏ అనుమతి ఇచ్చాడో, ఎందుకిచ్చాడో పైకి చదువుతారు. తర్వాత పెట్టెను కొత్త యజమాని పేరున మారుస్తారు. పిలవాల్సిన బాధ్యత అనుమతుల గుమాస్తాది. అంటే నాది.

పదకొండో రోజున నేను పిలవలేదు. పాత సిస్టమ్‌కు యజమాని ఉన్నాడా పోయాడా అన్న పట్టింపు లేదు కాబట్టి పెట్టె తెరుచుకుంటూనే ఉండేది, పంకాలు తిరుగుతూనే ఉండేవి. ఎవరికీ తొందర లేదు. నాకసలే లేదు. ఓదెలు సారుకు వినోద కుడిభుజం అని గని అంతా అనుకుంటుంది. పెట్టె తెరిస్తే "జమున, పూర్తి, వినోద, చదవడం" అని నలుగురి ముందు చదవాలి. పందొమ్మిదేళ్ల కుడిభుజానికి ఒక్క అంకె దిద్దే హక్కు లేదని, నిన్నగాక మొన్న వచ్చిన దానికి తాళంచెవులన్నీ ఇచ్చాడని తెలుస్తుంది.

అప్పుడే పిలిచి పెట్టె పేరు మార్చి ఉంటే కొత్త సిస్టమ్ మారు మాట్లాడకుండా తెరిచేది. ఎవరినీ అనడానికి లేదు, చేజేతులా చేసుకున్నాను.

పోశవ్వ లేస్తూ, "జమున సుత వస్తది గదా? ఆ పిల్లను సూడక శానా దినాలాయె" అంది. వస్తుందని చెప్పాను.

కృత్తిక, ఏడో రోజు

నాలుగో సొరంగం గాలి బరువు తొమ్మిది. ఎక్కాలు చెప్పిస్తుంటే పన్నెండో ఎక్కం దగ్గర సగం క్లాసు నిద్రపోయిందని బడి నుంచి చీటీ వచ్చింది. కైలాసం సార్ ఆ చీటీ పట్టుకుని వచ్చాడు.

"వినోదక్కా, గా జమునకు ఏదో అనుమతి ఉన్నదటగా. పిలువరాదు?"

"ఆమెతోని పనేం లేదు సార్. రేపటికల్ల అయితది."

"పోరగాండ్ల ముచ్చటక్కా."

"అయితదంటున్న గద సార్."

ఆయన వెళ్లాక నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా ఫోన్ ఎత్తలేదు. ఎనిమిదో సొరంగం నంబర్ నాకు కంఠతా వచ్చు.

కృత్తిక, ఎనిమిదో రోజు

నా దగ్గర ఒక బటన్ ఉంది. "యాజమాన్యం తీసుకో". ఏ పెట్టెనైనా నా పేరున రాసుకోవచ్చు. చనిపోయిన వాళ్ల పెట్టెల మీద సాక్షులు లేకుండా దాన్ని నొక్కకూడదు. దాన్ని మా వాళ్లు తాళం గుంజుకొనుడు అంటారు, దొంగతనం కింద లెక్క.

పొద్దున తొమ్మిదింటికి నొక్కాను. "లోపలి వాటన్నిటికీ వర్తింపజేయాలా?" అని అడిగింది. టిక్కు పెట్టాను. ఆకుపచ్చ గీత నెమ్మదిగా నిండింది. యజమాని: అంకం వినోద.

నిజం చెప్పాలి. అనుమతుల జాబితా తెరిచి చూస్తే అందులో నా పేరు తప్ప ఇంకేమీ లేదు. జమున పేరు తుడిచిపెట్టుకుపోయింది. టీ పెట్టుకుని తాగుతూ ఆ ఖాళీ జాబితానే చూస్తూ కూర్చున్నాను. అంత తీపి టీ నేను ఈ మధ్య తాగలేదు.

టీ సగంలో ఉండగా నాలుగో పంకా ఆగిపోయింది.

జాబితాలో జమున పేరు ఒక్కటే లేదని నేననుకున్నాను. ఆ పంకా పేరు కూడా లేదు. మిగతా పంకాలవి సిస్టమ్ ఖాతాలు, అవి తిరుగుతూనే ఉన్నాయి. ఇదొక్కటే సారు విడిగా చేసిన ఖాతా, దానికీ చదివే అనుమతి ఉండాలి. సారు దానికి ఏదో పేరు పెట్టుకున్నాడు, అదేమిటో నాకు తెలియదు. పంకా4 అని పెట్టాను, పంకా నాలుగు అని పెట్టాను, నాలుగో సొరంగం అని పెట్టాను. అలాంటి ఖాతా లేదంది. పాత జాబితా నకలు ఎక్కడుందని వెతికితే, అది కూడా ఆ పెట్టెలోనే ఉండేది. పైగా ఇంత చేసినా లోపలి "రోహిణి" తెరుచుకోలేదు. దాని అనుమతులను సారు పైపెట్టెతో కలపకుండా విడిగా ఉంచాడట, నా టిక్కు దాన్ని తాకనేలేదు. నొక్కితే మళ్లీ గాదె జమున.

మధ్యాహ్నానికి బరువు పన్నెండు. బడి పిల్లలను ఐదో సొరంగానికి తరలించారు. నాలుగో సొరంగం మగవాళ్లు వంతులేసుకుని పంకాను చేత్తో తిప్పారు. పోశవ్వను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. ఆఫీసు ముందు నుంచే తీసుకెళ్లారు. నన్ను చూసి "ఏం గాదు బిడ్డా, నువ్వు నీ పని చేస్కో" అంది, ఒక్కో మాటకూ ఆగి ఆగి.

కృత్తిక, తొమ్మిదో రోజు

పొద్దున్నే ఎనిమిదో సొరంగానికి నడిచి వెళ్లాను.

జమున మీటరు తుడుస్తోంది. నన్ను చూసి గుడ్డ పక్కన పెట్టింది. సన్నబడింది. ఆ మాట రాసుకోవడం ఇష్టం లేదు కానీ, సన్నబడినా బాగుంది.

"వినోదక్కా, కూసో."

కూర్చోలేదు. జరిగిందంతా చెప్పాను. బటన్ నొక్కిన సంగతి కూడా చెప్పాను. పూర్తి అనుమతి ఉన్నవాళ్ల దగ్గర పెట్టె యజమాని చేత్తో రాసిన జాబితా చీటీ ఒకటి ఉంటుంది. అది కావాలన్నాను.

ఆమె గుడ్డ మళ్లీ తీసుకుని మీటరు తుడిచింది.

"సారు పోయిన ముచ్చట నాకు రెండోనాడు తెల్సింది" అంది చివరికి. "అన్ని సొరంగాలకు కబురు పంపింది నువ్వే గద?"

ఎనిమిదికి ఆఖరున పంపాను. కావాలనే అని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఇద్దరికీ తెలుసు.

"మొఖం సుత సూడనియ్యలే నన్ను" అంది. కళ్లు తుడుచుకుని, గొంతు మార్చుకుని, "సరే, పోరగాండ్లు గోస పడ్తున్నరు. పంకా పేరొక్కటి చెప్త, రాసుకో. రోహిణి వచ్చి నేనే తెరుస్త. చీటీతోని నీకేం పని?" అంది.

"చీటీ ఎందుకు చూపియ్యవ్?"

"వద్దక్కా."

నాకు అక్కడే కాలింది. ఆయన చేత్తో రాసింది, నేను చూడకూడనిది, ఆమె ట్రంకులో ఉంది. పంకా పేరు తీసుకుని మర్యాదగా వచ్చేయాల్సింది. అలా వచ్చేసే మనిషినైతే ఈ పుస్తకమే రాసేదాన్ని కాదు.

"పంకా పేరు చెప్పు, ఇప్పుడే ఫోన్ చేస్త. చీటీ మాత్రం రేపు అందరి ముంగట చదువుదాం. పెట్టె తెరువుడు పెడ్తున్న" అన్నాను.

జమున నన్ను జాలిగా చూసింది. "మల్లన్న" అంది. "పంకా పేరు మల్లన్న. సారు ఇంటి దేవుడు."

పందొమ్మిదేళ్లు ఆ పంకా చప్పుడు వింటూ అన్నం తిన్నాను. దానికో పేరుందని నాకు తెలియదు. అక్కడినుంచే కైలాసం సార్‌కు ఫోన్ చేసి ఏం నొక్కాలో, ఏం టైపు చేయాలో చెప్పాను. పది నిమిషాలకు పంకా తిరిగింది. కనీసం గాలి కదిలింది.

కృత్తిక, పదో రోజు

ఖాళీగా ఉన్న బడి గదిలో పెట్టె తెరిచాం. పోశవ్వ, కైలాసం సార్, జమున, నేను. నాలుగో సొరంగం వాళ్లు గుమ్మం దాకా నిలబడ్డారు. వయసులో చిన్నవాళ్లు చీటీ చదవడం రివాజు. జమున చదవనంది. నేనే తీసుకున్నాను. సారు దస్తూరి, నీలం సిరా.

"పోశవ్వ. చదవడం. కారణం: చదువు రాదు, అయినా ఇంటామె."

అందరూ నవ్వారు. పోశవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మల్లన్న, అంటే నాలుగో పంకా. చదవడం. కారణం: చెప్పినట్టు వింటడు."

"గాదె జమున. పూర్తి. కారణం: కొట్లాడుతది."

జమున నేల చూసింది. తర్వాతి వరుస నాది. కళ్లతో ముందే చదివేసి ఆగాను. కైలాసం సార్ చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. చదివాను.

"అంకం వినోద. చదవడం. కారణం: గాలి లెక్క నాకంటె ఈమెకే ఎక్కువ తెలుసు. కాని నేను తప్పు రాస్తే, తప్పని తెలిసి సుత దిద్దదు. నోరు తెరిచి అడిగిన రోజు పూర్తి ఇయ్యాలె."

చీటీ మడిచి పోశవ్వ చేతికిచ్చాను.

"పందొమ్మిదేండ్లల్ల ఒక్కసారి సుత అడగలేదా బిడ్డా?" అంది పోశవ్వ. తిట్టలేదు. తెలుసుకుందామనే అడిగింది.

"అడగలేదవ్వా."

ఇస్తాడేమో అని ఎదురుచూశాను. ఇవ్వకపోతే జమున మీద ఏడ్చాను. అడగడం అన్నది ఒకటుందని తోచలేదు.

అందరూ వెళ్లాక జమునా నేనూ ఆఫీసుకు వచ్చాం. ఆమె తన పేరుతో "రోహిణి" తెరిచింది. పొద్దున పదికి పంకా ఆపడం, సాయంత్రం ఐదుకు తిప్పడం. సారు పదిహేనేళ్ల క్రితం రాసిన వేళలు.

"ఇవి తప్పు" అంది జమున. "ఎనిమిదో సొరంగం తెరిచినంక గాలి పంచుకపోతున్నది. ఇవి నడవయని సారుతోని ఫోన్ల ఏడాదిన్నర కొట్లాడిన. మరి సరైనవేంది చెప్పు అనేటోడు. నాకు తెల్వకపాయె, ఆయనకు తెల్వకపాయె. నీకు తెల్సా అక్కా?"

నా సొరుగులో ఒక నోట్‌బుక్కు ఉంది. పోయిన రోహిణి పద్నాలుగు రోజులూ గంటగంటకూ గాలి బరువు రాసుకున్నాను. మధ్యాహ్నం నాలుగింటికి పన్నెండు దాటిన రోజులు ఆరు. పదకొండుకు ఆపి, ఒంటిగంటకు పావుగంట తిప్పి, మళ్లీ ఆపి, నాలుగుకు తిప్పితే సరిపోతుందని అప్పుడే కట్టి పెట్టుకున్నాను. సారు రాసిన దాని మీద నేను చెప్పడమేమిటని నోట్‌బుక్కు మూసేశాను.

"తెల్సు" అన్నాను.

జమున కీబోర్డు నా వైపు జరపలేదు. చేతులు కట్టుకుని కూర్చుంది.

"అయితే అడుగు."

"ఏం అడగాలె?"

"సారు రాసిండు గద, అడిగిన రోజు ఇయ్యాలె అని. ఆయన లేడు. ఇచ్చేదాన్ని నేనే. అడుగక్కా."

ఈ గనిలో ఎవరినైనా అడిగేదాన్నేమో. ఆమెను! ఐదో సొరంగంలో ఇరుక్కుని కూర్చున్న పిల్లలు గుర్తొచ్చారు, కుర్చీలో పోశవ్వ గుర్తొచ్చింది.

"జమునా, నాకు పూర్తి అనుమతి ఇయ్యి."

ఇచ్చింది. సారు అంకెల మీద నా అంకెలు రాశాను. జమున పక్కనుంచి చూస్తూ "పావుగంట సాలుతదా? ఇరవై నిమిషాలు పెట్టరాదు?" అంది. సాలుతది, నీకేం తెల్సు అన్నాను. ఆమె నవ్వింది. ఎందుకు నవ్విందో తర్వాత అర్థమైంది. ఎవరితోనైనా అలా మాట్లాడడం నాకు అదే మొదలు.

రోహిణి కార్తె, మొదటి రోజు

నాలుగో సొరంగం గాలి బరువు పొద్దున ఆరు. మధ్యాహ్నం నాలుగింటికి ఏడు. బడి మళ్లీ అక్కడే మొదలైంది, పన్నెండో ఎక్కం ఆఫీసు దాకా వినిపించింది. పోశవ్వ ఇంటికి చేరింది. జమున జొన్నరొట్టెలు చేసి నాక్కూడా ఒకటి పంపింది. గట్టిగా ఉంది, పండ్లు ఊడేలా. మొత్తం తిన్నాను.

సంతకం కోసం పోయిన వారం పుస్తకం పంపితే, సంతకం పక్కన కైలాసం సార్ ఒక మాట చేర్చాడు. "చదివిన". ఇన్నేళ్లలో చదవడానికి ఆయనకు ఈ వారమే దొరికింది.

ఇవాళ చేసిన ఆఖరి పని, సాక్షులు ఒప్పుకుని నా పేరునే ఉంచిన "గాలి" పెట్టెకు కొత్త జాబితా రాయడం. పోశవ్వకు చదవడం. మల్లన్నకు చదవడం. గాదె జమునకు పూర్తి; కారణం: నేను తప్పు రాస్తే చెబుతుంది.

వెంటనే ఇచ్చేశానని రాద్దామనుకున్నాను. కానీ సిస్టమ్ ప్రతి పనికీ వేళ రాసుకుంటుంది, రేపు ఎవరైనా చూస్తారు. జమున పేరు టైపు చేసింది తొమ్మిదీ పది. "పూర్తి" అని నొక్కింది తొమ్మిదీ నలభై ఏడు.